పలుగుపొడి గొంతులు

గోల్‌మురి, జంషెడ్‌పూర్
12 సెప్టెంబర్ 2002

కిరణ్,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "అక్కా, అందరూ బాగున్నారా" అంటావు, నేను "బాగున్నాం" అంటాను. అక్కడితో మాట అయిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీంతో పాటు నాలుగు కేసెట్లు పార్సిల్ చేశాను. పాటలు కావు. ముందు ఇది చదువు.

సువర్ణరేఖ నది అవతల పలుగురాయిని పొడి కొట్టే మిల్లు ఒకటుంది. ఉక్కు కరిగించే కొలిమిలకి లోపలి పూతగా ఆ పొడి వాడతారు. ఇక్కడ కాంట్రాక్టు పనులు పోయిన మనవాళ్లు చాలామంది అక్కడ చేరారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి తాతల నాడు వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ పొడి మైదాపిండిలా ఉంటుంది. ముక్కులోకి వెళ్లినట్టు కూడా తెలియదు. కొన్నాళ్లకి దగ్గు, ఆ తరవాత ఆయాసం, ఆ తరవాత నాలుగు మెట్లు ఎక్కలేరు. ఆసుపత్రిలో టీబీ అని మందులిస్తారు. మందులు పూర్తవుతాయి, మనిషి తేరుకోడు.

వేసవిలో మన వీధి చివరి బంగారురాజు బాబాయి పోయాడు. సన్యాసమ్మ పిన్ని భర్త. చిన్నప్పుడు నీకు గాలిపటాలు కట్టిచ్చేవాడు, మరిచిపోయి ఉండవు.

మిల్లు యజమానిది ఒకటే మాట: "వీళ్లెవరూ నా దగ్గర పని చేయలేదు." హాజరు వేయించుకోలేదు, చీటీ ఇవ్వలేదు. మా బడి పిల్లల తండ్రులు కదా అని నేను వాళ్లకి అర్జీలు రాసిపెడుతున్నాను. రాంచీలో ఒక లాయరుగారు ముందుకొచ్చారు. "కాగితం లేకపోతే మనుషులనే మాట్లాడించండమ్మా, బతికుండగానే" అన్నారు. కలకత్తాలో ఊపిరితిత్తుల డాక్టరొకాయన కూడా వింటానన్నారు. అందుకని టేప్ రికార్డర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. బంగారురాజు బాబాయి పోవడానికి కొద్ది రోజుల ముందు మాట్లాడాడు. "పొగమంచులో బండి తోలినట్టుంటాదమ్మా, పక్కనోడు అగుపడడు" అన్నాడు. కొందరు పేరు చెప్పడానికి భయపడ్డారు. వాళ్ల పేర్లు అడగలేదు.

మొన్న మిల్లు మనుషులు ఇద్దరు మా గుమ్మంలోకి వచ్చి "టీచర్జీ, సునా హై ఆప్ రికార్డింగ్ కర్తీ హైఁ" అన్నారు. నేను రికార్డింగ్ చేస్తున్నానని విన్నారట, నవ్వుతూనే అన్నారు. కేసెట్లు ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు పోతాయి. నీ ఉద్యోగమే శబ్దాలను ఇంటర్నెట్‌లో పెట్టడం కదా. వీటిని అక్కడ పెట్టు. రాంచీలో వినాలి, కలకత్తాలో వినాలి, ఎవరూ ఎత్తుకుపోకూడదు.

మీ బావ స్టోర్స్ పనిలో ఉన్నారు, తీరిక లేదు. నీ మేనకోడలు శ్రీనిధి తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతోంది.

అక్క
పద్మకుమారి

*

హైదరాబాద్
6 అక్టోబర్ 2002

అక్కా,

కేసెట్లు భద్రంగా చేరాయి. అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇక వాటికి భయం లేదు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. కేసెట్లో ఉన్న శబ్దాన్ని ఉన్నదున్నట్టు ఇంటర్నెట్‌లో పెడితే, మీ సాక్చీ బజారులో ఇంటర్నెట్ కెఫేలో కూర్చున్నవాడు ఒక్కటి దించుకునేసరికి పూట గడిచిపోతుంది. కాబట్టి దాన్ని నొక్కి చిన్నది చేయాలి. నొక్కే పద్ధతులు చాలా ఉన్నాయి, ఒక్కోదాన్ని ఒక్కో ఫార్మాట్ అంటాం. అందరికీ తెలిసింది ఎంపీ3. దాని పేటెంట్లు కొందరి చేతుల్లో ఉన్నాయి, మా ఆఫీసు లైసెన్స్ తీసుకునే వాడుతుంది. ఈ మధ్య ఆగ్ వోర్బిస్ అని కొత్తది వచ్చింది. దాని తయారీ విధానమంతా బయట పెట్టేశారు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, లైసెన్స్ లేదు. సరదాకి ఇంట్లో నా కంప్యూటర్లో ఒక కేసెట్ ఒక పక్క దాంట్లోకి మార్చి చూశాను. బాగానే ఉంది. కానీ దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరా లేదు.

అందుకని మా కంపెనీ సొంత ఫార్మాట్‌లోనే పెట్టించాను. మేనేజర్ని అడిగితే "సోషల్ కాజ్ కదా, పెట్టు" అన్నాడు. పేజీ తెరిస్తే చాలు, వినిపించేది దానంతటదే వస్తుంది. మా సర్వర్ ప్రతిసారీ లోపల్లోపల అనుమతి ఇస్తుంది, వినేవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

కేసెట్లు తిరిగి పంపుతున్నాను. నీ దగ్గర ఉంచుకోవడం భయమైతే చెరిపేసెయ్. అన్నీ ఇక్కడున్నాయి.

నిజం చెప్పనా, నేను పూర్తిగా వినలేదక్కా. మా పనే అంత. శబ్దాన్ని తెర మీద అలల్లా చూస్తాం, ఎక్కువ తక్కువలు సర్దుతాం, మార్చేస్తాం. తీరిక చూసుకుని వింటాను.

బావని అడిగానని చెప్పు.

కిరణ్

*

గోల్‌మురి
15 డిసెంబర్ 2002

కిరణ్,

నీ పని వల్ల ఏం జరిగిందో నీకు తెలియాలి.

సన్యాసమ్మ పిన్నిని సాక్చీ కెఫేకి తీసుకెళ్లాను. అక్కడంతా కాలేజీ పిల్లలు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. హెడ్‌ఫోన్ చెవులకి పెడితే మొదట తీసేసింది, జుట్టు పట్టేస్తుందని. తరవాత మళ్లీ పెట్టాను. బంగారురాజు బాబాయి గొంతు మొదలైంది. పిన్ని ఏడవలేదు. తెర మీద బొమ్మేమీ లేదు కదా, దాని వెనక్కి వంగి చూసింది. "ఏటమ్మా, లోపల్నుంచే మాటాడతన్నాడా?" అని అడిగింది. అయిపోయాక మళ్లీ పెట్టమంది. కెఫే అతను మంచివాడు, మళ్లీ పెట్టాడు.

రాంచీ లాయరుగారు విన్నారు. కలకత్తా డాక్టరుగారు మనిషి మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎలా తీస్తున్నాడో విని, "ఇది టీబీ అని నేననను, ఎక్స్‌రేలు పంపండి" అని జవాబు రాశారు. కేసు వేస్తున్నాం.

మిల్లు వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి నవ్వలేదు. నేను బడిలో ఉండగా వచ్చి అలమరా అంతా కిందపడేసి పోయారు. కేసెట్లు బియ్యం డబ్బాలో ఉన్నాయి కాబట్టి దొరకలేదు. ఆ సాయంత్రమే నాలుగింటినీ చెరిపేశాను. వాటి మీద శ్రీనిధి చేత ఎక్కాలు చెప్పించాను. ఇక ఎవరు వచ్చి పట్టుకుపోయినా వాళ్లకి ఎక్కాలే.

వాటిలో మాట్లాడినవాళ్లలో మరో ఇద్దరు ఈ నెలలో పోయారు.

పద్మ

*

హైదరాబాద్
20 ఫిబ్రవరి 2003

అక్కా,

ఇది ఫోన్‌లో చెప్పలేకపోయాను.

మా కంపెనీని ఇంకొకరు కొన్నారు. వాళ్లకి సినిమా పాటలే కావాలి. పాత పేజీలన్నీ తీసేశారు, మనవీ పోయాయి. పేజీ పోతే పోయింది, ఫైళ్లు నా దగ్గర సీడీలో ఉన్నాయి కదా అనుకున్నాను. తెరిచాను. "అనుమతి కోసం సర్వర్‌ని సంప్రదిస్తోంది" అని వచ్చింది. ఆ సర్వర్ని ఆపేశారు. కాసేపు వెతికి, "అనుమతి లేదు" అంది.

కేసెట్ నుంచి ఎక్కించిన అసలు శబ్దాలు ఆఫీసు కంప్యూటర్లో ఉండేవి. ఆ యంత్రాలన్నీ తుడిచేసి కొత్తవాళ్లకి ఇచ్చారు. నేను సెలవులో ఉన్న వారంలో జరిగింది. కొత్త మేనేజర్ దగ్గరికి వెళ్లి, తాళం తీసే దారి ఒక్కసారి ఇప్పించమని అడిగాను. "అప్‌లోడ్ చేసేటప్పుడు ఒప్పుకున్నారుగా, అది కంపెనీ ఆస్తి" అన్నాడు. బతిమాలాను. చచ్చిపోయినవాళ్ల మాటలని చెప్పాను. "లీగల్ వాళ్లతో మాట్లాడండి" అన్నాడు. లీగల్ వాళ్లు మెయిల్‌కి జవాబివ్వడం లేదు.

శబ్దం సీడీలోనే ఉంది. ఎంత పెద్దదో, ఎంతసేపు ఉందో కూడా కనిపిస్తోంది. తెరుచుకోదు.

ఏం రాయాలో తెలియడం లేదు.

కిరణ్

*

గోల్‌మురి
2 మార్చి 2003

కిరణ్,

నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసు. లాయరుగారు మరోసారి వినబోతే రాలేదట. నేను కెఫేకి వెళ్లాను. కెఫే అతను ఎన్నో తంటాలు పడ్డాడు. చివరికి, "భాభీజీ, మాలిక్ సే పర్మిషన్ మాంగ్ రహా హై" అన్నాడు. యజమాని అనుమతి అడుగుతోందట. ఏ మాలిక్? చచ్చిపోయిన మనిషి గొంతుకి మాలిక్ ఎవడు?

మిల్లు యజమాని వాళ్లు తన మనుషులు కారన్నాడు. మీ యజమాని వాళ్ల గొంతులు తనవన్నాడు. ఇద్దరిలో ఎవడు నయం?

నువ్వు చెరిపేసెయ్ అన్నావు, నేను చెరిపేశాను. ఎక్కాలు వినిపిస్తున్నాయి, వింటావా?

సన్యాసమ్మ పిన్నికి చెప్పక తప్పలేదు. నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేతులాపలేదు. "మా రాజు గొంతు దాత్తానన్నావు. మట్టిలో ఎట్టినోడి గొంతు కూడా మట్టిలోనే ఎట్టేసినావు" అంది. ఇప్పుడు ఎదురైతే పక్కకి తిరిగిపోతుంది.

నువ్వు ఏం రాయకపోయినా ఫరవాలేదు.

పద్మకుమారి

*

హైదరాబాద్
14 మార్చి 2003

అక్కా,

ఒకటి దొరికింది.

ఆగ్ వోర్బిస్‌లోకి సరదాకి మార్చి చూశానని రాశానే, అది నా ఇంటి కంప్యూటర్లోనే ఉంది. నేనే మరిచిపోయాను. నిన్న తెరిచాను. ఏ సర్వర్‌నీ అడగలేదు, వెంటనే పలికింది. నాలుగో కేసెట్, రెండో పక్క. పేరు చెప్పని మనిషి.

మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా విన్నాను.

ఆయన మెల్లగా మాట్లాడుతున్నాడు. మిల్లులో గోనెసంచి నోరు ఎలా పట్టుకోవాలో, పొడి ఎలా పైకి లేస్తుందో చెబుతున్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఆ తరవాత రికార్డర్‌కి దూరంగా తిరిగి, "పద్మా, కూసిన్ని నీల్లియ్యి" అన్నాడు. గ్లాసు చప్పుడు వినిపించింది. నీ గాజుల చప్పుడు కూడా.

అక్కా, బావ స్టోర్స్‌లో పని చేయడం లేదు కదూ?

దాచావు. ఇన్ని నెలలుగా ప్రతి ఫోన్‌లో "బాగున్నాం" అన్నావు. ఆ కేసెట్ నా చేతిలోనే ఉంది, నేను దాన్ని అలలుగా చూసి పక్కన పెట్టేశాను. కోపం నీ మీదో నా మీదో తెలియడం లేదు.

బావకి ఎలా ఉంది? నిజం రాయి.

కిరణ్

*

గోల్‌మురి
25 మార్చి 2003

కిరణ్,

నిజమే రాస్తున్నాను.

ఇక్కడ కాంట్రాక్టు పోయాక కొన్నాళ్లు మీ బావకి పని లేదు. ఆ తరవాత మిల్లులో చేరారు. మన వాళ్లకి స్టోర్స్‌లో గుమాస్తా అని చెప్పమన్నది ఆయనే. "మీ తమ్ముడు కంప్యూటర్ ముందు కూకుంటాడు, నాను గోనెలు మోత్తన్నానని ఎలా సెప్పీది" అన్నారు. ఒట్టు వేయించుకున్నారు. రెండేళ్ల కిందట దగ్గు మొదలైంది. టీబీ మందులు రెండుసార్లు వాడారు. పోయిన దీపావళి నుంచి మంచం దిగి గుమ్మం దాకా రావడం కూడా కష్టమే. ఆ మనుషుల ఇళ్లన్నిటికీ నేనెందుకు తిరిగానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నీళ్లు అడిగిన చోటు రాగానే కళ్లు మూసుకున్నారు. "దొరికిపోనాను" అన్నారు.

నేనొక మాట రాస్తే నీకు నచ్చకపోవచ్చు. అన్ని గొంతులూ పోయి నా మొగుడి గొంతు ఒక్కటే మిగిలిందని ఈ వీధిలో ఎలా చెప్పను? ఆయన బతికే ఉన్నారు, పోయినవాళ్ల గొంతులు పోయాయి. సన్యాసమ్మ పిన్ని ముఖం ఎలా చూడను? "టీచరమ్మ తనది దాచుకుంది" అనరా? ఎవరికీ చెప్పవద్దని మీ బావతో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తరవాత, "ఆల పక్కన నిలబడి పని సేసినోన్ని నానే. ఆలు సెప్పినియ్యన్నీ నాకు తెలుసు. మల్లీ రికార్డు సెయ్యి. ఆల మాటలు నాను సెప్తాను" అన్నారు.

"ఊపిరి సరిపోదండీ" అన్నాను.

"సరిపోయినకాడికే" అన్నారు.

నువ్వు రా. మంచి రికార్డర్ తీసుకుని రా. ఈసారి ఎవరి తాళమూ వద్దు.

అక్క

*

హైదరాబాద్
3 జూన్ 2003

అక్కా,

అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచి చెవుల్లో బావ గొంతే ఉంది. పొద్దున్న కాస్త, సాయంత్రం కాస్త, ఒక్కో మనిషి గురించి ఆయన చెప్పిన తీరు. మధ్యలో ఆపి, "ఒరే బావమరిదీ, ఆ మిసను ఆపీకు, దగ్గు కూడా పట్టుకోనీ. డాక్టరు బాబుకి అదే కావాల" అన్నాడు చూడు, అప్పుడు నేను బయటికి ఎందుకు వెళ్లానో నీకు తెలుసు.

ఈసారి ఏం చేశానో వివరంగా రాస్తున్నాను, నీకు తెలియకుండా ఏదీ ఉండకూడదు. ఏమీ తీసేయకుండా, అసలు శబ్దం మొత్తాన్ని, బావదీ, నేనక్కడ ఉండగా హిందీలో మాట్లాడిన మిల్లు పనివాళ్లదీ, ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో దాచాను. అది కొంచెం పెద్దది, అది మనకి మూలం. పంచడానికి ఆగ్ వోర్బిస్. రెండింటికీ లైసెన్స్ లేదు, యజమాని లేడు, తయారీ విధానం అందరి ముందూ ఉంది. రేపు నేను లేకపోయినా, వీటిని తయారుచేసినవాళ్లు లేకపోయినా, ఇంకెవరైనా తెరిచే సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు.

ఆగ్‌ని మొదట బాగా చిన్నది చేశాను. మాటలు తెలుస్తున్నాయి కానీ, దగ్గు నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడమంది. ఊపిరి అసలు వినిపించలేదు. ఇలా నొక్కే పద్ధతులన్నీ మనిషి చెవికి అక్కర్లేదనుకున్నదాన్ని పారేస్తాయి. మనకి కావలసింది సరిగ్గా అదే. అందుకని ఫైలు పెద్దదైనా ఊపిరి వినిపించేదాకా పెంచాను. కెఫేలో దిగడానికి ఆలస్యమవుతుంది, ఓర్చుకో.

బెంగళూరులో ఒక మిత్రుడి సర్వర్లోనూ, పుణేలో ఇంకొకరి దగ్గరా పెట్టాను. ఎవరైనా దించుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు అని పైన తెలుగులో, హిందీలో రాశాను.

ఆ ఉద్యోగం మానేశాను. అక్కడున్నప్పుడు చెప్పలేదు. బావ దగ్గర ఆ మాట ఎత్తకు.

కిరణ్

*

గోల్‌మురి
10 జులై 2003

కిరణ్,

నీ ఫైల్ తెరుచుకోవడం లేదు.

కెఫేకి మూడుసార్లు వెళ్లాను. "యే కౌన్‌సా ఫైల్ హై భాభీజీ, కభీ దేఖా నహీఁ" అంటాడు, ఇలాంటి ఫైలు ఎప్పుడూ చూడలేదట. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించడట, వైరస్ భయం. లాయరుగారి గుమాస్తా కూడా ఫోన్ చేసి అదే చెప్పాడు. ఎంపీ3లో పంపరాదా అని అడిగాడు.

నువ్వు రాసినవన్నీ నాకు అర్థమయ్యాయి. యజమాని లేడు, తాళం లేదు. బాగుంది. కానీ వినాలని వచ్చినవాడికి తెరుచుకోకపోతే తాళం ఉంటేనేం, లేకపోతేనేం? పోయినసారి అనుమతి లేదని వినిపించలేదు. ఈసారి అనుమతి అక్కర్లేదని వినిపించడం లేదు. మీ బావ ఇంకెన్నాళ్లు ఉంటారో తెలియదు. తన మాట ఎవరైనా విన్నారా అని రోజూ అడుగుతున్నారు. విన్నారని అబద్ధం చెబుతున్నాను. ఆయనకి అబద్ధాలు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆయన తరఫున నీకు చెప్పడమే అలవాటు.

వెంటనే ఏదో ఒకటి చెయ్యి.

పద్మ

*

హైదరాబాద్
16 జులై 2003

అక్కా,

నువ్వు రాసినది నిజం. ఫార్మాట్ ఏది మంచిదని నేను ఆలోచించాను, సాక్చీ కెఫేలో ఏం ఉంటుందని ఆలోచించలేదు.

దీంతో పాటు సీడీలు పంపుతున్నాను. ప్రతి సీడీలో ఫైళ్లతో పాటు వాటిని పలికించే చిన్న సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. కంప్యూటర్లో ఏమీ ఎక్కించనక్కర్లేదు, సీడీ పెట్టి దాని మీద నొక్కితే చాలు. అది కూడా ఉచితమే, దాన్ని సీడీలో వేసి పంచడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మా పాత కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని ఇలా పంచి ఉంటే నన్ను కోర్టుకి ఈడ్చేవాళ్లు. వైరస్ లేదని కెఫే అతనితో నేను ఫోన్‌లో మాట్లాడతాను, నంబర్ పంపు.

లాయరుగారికి ఎంపీ3 కూడా చేసి పంపుతున్నాను. పట్టుదలకి పోను. కానీ మూలం మాత్రం తాళం లేనిదాంట్లోనే ఉంటుంది. ఆ ఒక్క దగ్గర నా మాట విను.

బావకి వినిపించు. అబద్ధం చెప్పే పని నీకు తప్పుతుంది.

కిరణ్

*

గోల్‌మురి
28 జులై 2003

కిరణ్,

తెరుచుకుంది. కెఫే అతను తన కంప్యూటర్లోనే పెట్టి, కుర్రాళ్లని నోరు మూయమని, మొత్తం విన్నాడు. అతని చిన్నాన్న కూడా అలాంటి మిల్లులోనే పని చేశాడట. ఆ సంగతి ఇన్నాళ్లూ నాతో అనలేదు. తను సీడీలు కాపీ చేసి పెడతానన్నాడు. "కిసీ సే పూఛ్‌నా తో నహీఁ పడేగా నా?" అని రెండుసార్లు అడిగాడు. ఎవరినీ అడగక్కర్లేదన్నాను.

మీ బావకి చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను కాబట్టి ఆయన నా ముఖం చూసి నమ్మారు. ఆక్సిజన్ సిలిండర్ ఇంటికి తెచ్చాం. మాట్లాడొద్దని డాక్టరు అన్నాడు. మాట్లాడాల్సింది అయిపోయిందని ఆయన సైగ చేశారు.

ఇక ఆలస్యం చేయకుండా వచ్చెయ్.

అక్క

*

గోల్‌మురి
22 ఫిబ్రవరి 2004

కిరణ్,

నువ్వు వెళ్లాక ఇన్ని నెలలూ ఉత్తరం రాయలేకపోయాను. మీ బావ లేని ఇంట్లో కూర్చుని మీ బావ గురించి రాయడం నాకు చేత కాలేదు. ఇప్పుడు చెప్పాల్సినవి ఉన్నాయి.

లేబర్ ఆఫీసులో విచారణ జరిగింది. అధికారి చిన్నవాడే, ఓపికగా విన్నాడు. మీ బావ దగ్గు వచ్చినచోట హెడ్‌ఫోన్ తీసేసి నీళ్లు తాగి మళ్లీ పెట్టుకున్నాడు. మిల్లు లాయరు లేచి, "ఆవాజ్ తో కిసీ కీ భీ హో సక్తీ హై" అన్నాడు. గొంతు ఎవరిదైనా కావచ్చట. నేను నిలబడి, "నా భర్తది" అన్నాను. గుర్తుపట్టినవాళ్లు మా వెనక ఇంకా చాలామంది నిలబడ్డారు.

బతికున్నవాళ్లందరికీ కలకత్తా డాక్టరుగారి ముందు పరీక్షలు చేయించాలని, మిల్లు తనిఖీ చేయాలని ఉత్తర్వు వచ్చింది. పోయినవాళ్ల విషయంలో ఇది చాలదన్నారు, పై కోర్టుకి వెళ్లమన్నారు. వెళతాం. తనిఖీకి వెళ్లేసరికి మిల్లులో యంత్రాలు లేవు. పునాది బోల్టులు మాత్రం ఉన్నాయి. వేరే జిల్లాకి తీసుకుపోయి వేరే పేరుతో మొదలుపెట్టారట. 

కిందటి వారం ఆ కొత్త మిల్లు నుంచి ముగ్గురు సంతాల్ ఆదివాసీ కుర్రాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లకి తెలుగు రాదు. మనం ఎన్నడూ చూడని చోట, ఎవరో కాపీ చేసిన సీడీకి ఎవరో చేసిన కాపీ వాళ్ల చేతిలో ఉంది. హిందీలో చెప్పినవాళ్ల మాటలు విన్నారట. మీ బావ మాట అర్థం కాకపోయినా దగ్గు అర్థమైందన్నారు. ముగ్గురూ పని మానేశారు. మిగిలినవాళ్లు ఇంకా వెళుతూనే ఉన్నారు, వేరే పని లేదు కదా. నేను రికార్డర్ తీశాను.

ఇక సన్యాసమ్మ పిన్ని సంగతి. మీ బావ పోయినప్పుడు కూడా మా గడప తొక్కలేదు. నువ్వూ గమనించావు. నిన్న బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది.

"నీ పెనిమిటి గొంతులో మా రాజు ఊసు ఉందంట. అందరూ ఇన్నారు, నాను ఇనలేదు" అంది.

కెఫేకి వెళ్లాం. బంగారురాజు బాబాయి గురించి చెప్పిన చోటు తీయించాను. నీకు గుర్తుంటుంది, నువ్వే పట్టావు ఆ మాటలు. "పొడి దిగే కాలవ పగిలి మొత్తం మా మీద పడిపోనాది. నాకు గుక్క తిరగలేదు. బంగారురాజు ఆడి మూతికున్న తువ్వాలిప్పి నా మూతికి కట్టినాడు. నీకు సిన్నపిల్లుంది, నాకు పిల్లలెవులున్నారు, అన్నాడు. ఆడు ఉత్తి మొకంతోనే నిలబడి కాలవ మూసినాడు."

పిన్ని కదలకుండా వింది. తరవాత, "నాకు సెప్పనేదు" అంది. మరి కాసేపటికి, "తువ్వాలేదని అడిగితే పారేసుకున్నానన్నాడు. తిట్టినాను" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను. పట్టుకోవడానికి మనసు రాలేదు. మీ బావ ఆ తువ్వాలుతో ఇంకొన్నాళ్లు బతికారు కదా.

ఆవిడే అడిగింది: "ఇది నాకిత్తావా? మా అత్తోరూరు పట్టుకెల్లి మా ఆడపడుసులకి ఇనిపిత్తాను. ఆడు ఎలాంటోడో ఆలకీ తెల్దు."

కెఫే అతను సీడీ తీసి కవర్లో పెట్టి ఇచ్చాడు. పిన్ని దాన్ని వెంటనే తీసుకోలేదు. అతన్ని చూసింది, నన్ను చూసింది.

"దీనికి ఎవుల్నడగాల?" అంది.

"ఎవరినీ అడగక్కర్లేదు పిన్నీ" అన్నాను.

కొంగులో చుట్టుకుని బొడ్డులో దోపుకుంది. ఇంటి దాకా నా పక్కనే నడిచింది.

నీ అక్క
పద్మకుమారి